అలసట తెలిసిన ఉక్కు

సైకిల్ ఫ్రేములో హ్యాండిల్ దగ్గర మొదలై పెడళ్ల దాకా ఏటవాలుగా దిగే గొట్టం ఒకటుంటుంది. దాన్ని వేలిగోరుతో మీటి చూడండి. హ్యాండిల్ కింద, అతుకు పక్కనే మీటితే 'టక్'మని మొద్దుగా పలుకుతుంది. మీటుకుంటూ జానెడు కిందికి వస్తే ఉన్నట్టుండి గొంతు మారి 'టింగ్'మని మోగుతుంది. పెడళ్ల అతుకు దగ్గరపడేసరికి మళ్లీ 'టక్'. మంచి గొట్టంతో చేసిన ఫ్రేములోనే ఈ తేడా వినిపిస్తుంది. చవక గొట్టం ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకే తీరున పలుకుతుంది.

ఇదంతా మందంలో ఉన్న తేడా. అతుకు పడేచోట, బరువంతా వచ్చి ఆగేచోట గొట్టం గోడ మందం 0.8 మిల్లీమీటర్లు ఉంటే, పెద్దగా భారం పడని నడుమ భాగంలో 0.5 ఉంటుంది. పైకి మాత్రం గొట్టం ఒకే లావున నున్నగా కనిపిస్తుంది. ఎక్కువతక్కువలన్నీ లోపలి వైపే. 1897లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో ఆల్ఫ్రెడ్ రేనాల్డ్స్ ఈ పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. వాళ్లది అంతకుముందు మేకులు చేసిన కుటుంబం. మేకుకు తల ఎంత మందం ఉండాలో, ఒళ్లు ఎంత సన్నంగా ఉండాలో తెలిసిన చేతులకే గొట్టం విషయంలో కూడా అదే ఆలోచన వచ్చిందని నాకనిపిస్తుంది. ఎవరికీ కనిపించని లోపలి గోడ మీద మూడు వందల మైక్రాన్ల కోసం ఒక మనిషి బుర్ర బద్దలు కొట్టుకున్నాడు. అందుకే 200 కిలోమీటర్లు దాటే రైడుకు ఏ సైకిల్ కొనమంటావని ఎవరైనా నన్ను అడిగితే, ధర చెప్పకముందే, బరువు తూచకముందే గొట్టాన్ని మీటి చూడమంటాను.

దూరపు రైడ్లలో మా వైపు ఎక్కువగా వినిపించేది బ్రెవే. హైదరాబాద్ రాండనూర్స్ క్లబ్బు పుణ్యమా అని ఈ ఫ్రెంచి మాట ఇక్కడివాళ్ల నోళ్లలో కూడా నానింది. ఇది పందెం కాదు. 1904లో పుట్టిన ఆడాక్స్ క్లబ్ పారిసియన్ నియమాల ప్రకారం 200 కిలోమీటర్లను 13 గంటల 30 నిమిషాల్లో, 300ను 20 గంటల్లో, 400ను 27 గంటల్లో, 600ను 40 గంటల్లో పూర్తి చేయాలి. ముందొచ్చిన వాళ్లకూ ఆఖర్న వచ్చిన వాళ్లకూ గుర్తింపు ఒక్కటే. ఈ నాలుగింటినీ ఒకే సీజనులో ముగిస్తే సూపర్ రాండనూర్ అంటారు. వీటన్నిటికీ పెద్దది నాలుగేళ్లకోసారి ఫ్రాన్సులో జరిగే పారిస్-బ్రెస్ట్-పారిస్: సుమారు 1200 కిలోమీటర్లు, 90 గంటల గడువు. సైకిల్ ఎలా ఉండాలో నియమాల్లో పెద్దగా లేదు. మనిషి బలంతోనే నడవాలి, చీకట్లో ముందూ వెనకా దీపాలు వెలగాలి, ఒంటి మీద మెరిసే పట్టీల జాకెట్టు ఉండాలి. దారిలో హాజరు వేయించుకునే చోట్లను కంట్రోళ్లంటారు; వాటి మధ్య వెంట బండి రాకూడదు, ఎవరి సామాను వాళ్లదే, ఎవరి రిపేరు వాళ్లదే. సైకిల్ ఎంపికలో అసలు తీర్పు చెప్పేది ఈ చివరి నియమమే.

మాది పటాన్‌చెరు. పాత 9 నంబరు, ఇప్పటి 65 నంబరు జాతీయ రహదారి మా ఊరి నడుమ నుంచే పోతుంది. రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్, భానూరులో భారత్ డైనమిక్స్, ఎద్దుమైలారంలో సైన్యానికి యుద్ధ వాహనాలు చేసే ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ, సదాశివపేట దగ్గర ఎమ్మారెఫ్ టైర్లు, జహీరాబాద్‌లో మహీంద్రా ట్రాక్టర్లు. వీటి చుట్టూ పాశమైలారం, ఇస్నాపూర్, బొల్లారం షెడ్లలో లేతులు, డ్రిల్లింగు మిషన్లు, వెల్డింగు సెట్లు. లోహాన్ని కోసేవాళ్లు, వంచేవాళ్లు, అతికేవాళ్లు ప్రతి వాడలో ఉంటారు. సైకిల్ తొక్కేవాళ్లు దూరపు నిపుణుల కోసం వెతుక్కుంటారు గానీ, మంచి ఫ్రేము ఏదో చెప్పగల కళ్లు మన పక్కింట్లోనే ఉన్నాయన్న సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది.

బీహెచ్ఈఎల్‌లో ఏళ్ల తరబడి వెల్డింగు చేసి రిటైరైన కాక ఒకాయన మా వీధిలో ఉన్నాడు. నా ఉక్కు ఫ్రేము మొదటిసారి ఇంటికొచ్చినప్పుడు ఆయన దాన్ని గోడకానించి, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, ఒక్కో అతుకు దగ్గరా ఆగాడు. రంగు కింద వెల్డింగు వరస కనిపిస్తూనే ఉంది. నాణేలను ఒకదాని మీదొకటి పేర్చి కొంచెం వాల్చినట్టు సమానమైన అలలు. ఆయన ఆ అలలను చూసి మురిసిపోలేదు. బొటనవేలి గోరును అల అంచున, వెల్డింగు ముగిసి గొట్టం మొదలయ్యే గీత మీద పెట్టి చుట్టూ నడిపించాడు. గోరు ఎక్కడా తట్టుకోలేదు.

"అల అందంగుంటె సరిపోదు బిడ్డా. ఈ అంచు జూడాలె. వేడెక్కువ తగిలితె ఈడ చిన్న కాల్వ వడుతది. ఇరిగేది ఆ కాల్వ కాన్నే," అన్నాడు.

వెల్డర్లు ఆ కాల్వను అండర్‌కట్ అంటారు. 0.8 మిల్లీమీటర్ల గోడలో పావు వంతు లోతు కాల్వ పడ్డా అక్కడ మిగిలేది 0.6. అదీ బరువంతా మళ్లే మూలలో. టార్చి ఒక్క క్షణం ఎక్కువసేపు నిలిస్తే గొట్టానికి బొక్క పడుతుంది, తక్కువసేపు నిలిస్తే లోహం లోపలికి కరగదు. ఎముక మీద తోలంత సన్నపు గొట్టాన్ని అతికేవాడి ఊపిరి కూడా నిలకడగా ఉండాలి. పైగా ఆ గొట్టాలు ఒకదానికొకటి లంబంగా కలవవు. ఒక్కో చోట ఒక్కో కోణం. అతుకు చుట్టూ టార్చి తిరుగుతుంటే చేతి వాలు ప్రతి వేలెడు దూరానికీ మారాలి. ఆ ఫ్రేము అతికిన మనిషెవరో నాకు తెలియదు. ఎక్కడో దూరదేశపు షెడ్డులో, మా కాకలాగే కళ్లు చికిలించి కూర్చుని ఉంటాడు.

కాక నేర్పిన ఇంకో పరీక్ష దారంతో. వెనక చక్రం ఇరుసు కూర్చునే చీలిక దగ్గర నూలుదారం కట్టి, ముందుకు లాగి, హ్యాండిల్ కింది గొట్టం చుట్టూ తిప్పి, రెండో వైపు చీలికకు బిగించాలి. సీటు గొట్టానికి అటు దారానికి ఎంత సందుందో, ఇటు దారానికీ అంతే ఉండాలి. ఒక మిల్లీమీటరు తేడా పరవాలేదు. మూడు నాలుగుంటే ఆ ఫ్రేము వంకర. చేతులు వదిలితే సైకిల్ ఒక పక్కకే లాగుతుంది, 300 కిలోమీటర్ల తర్వాత ఒక భుజమే నొప్పెడుతుంది, కారణం మాత్రం అంతుపట్టదు. కొనేముందు రెండు నిమిషాలు, రెండు రూపాయల దారం. సైకిల్ షాపులో అడగడానికి మొహమాటపడకండి. మంచి సరుకు అమ్మేవాళ్లు ముచ్చటపడి వాళ్లే దారం పట్టుకుంటారు.

ఉక్కే ఎందుకు, అల్యూమినియమూ కార్బనూ తేలిక కదా అంటారు. తేలికే. కార్బను మీద ఎన్నో బ్రెవేలు పూర్తిచేసినవాళ్లు హైదరాబాద్‌లో ఉన్నారు, వాళ్ల సైకిళ్లకు వంక పెట్టను. నేను ఉక్కు వైపు మొగ్గింది అలసట లెక్క చూసి. లోహానికి కూడా అలసట ఉంటుంది. ఒక్క దెబ్బకు విరగని కమ్మీ చిన్న చిన్న ఊపులు లక్షలసార్లు తగిలితే విరుగుతుంది. జర్మనీలో ఆగస్ట్ వోలర్ అనే రైల్వే ఇంజనీరు 19వ శతాబ్దం నడుమ, రైలు ఇరుసులు ఎందుకు విరుగుతున్నాయో తేల్చడానికి వాటిని ఏళ్ల తరబడి తిప్పి తిప్పి పరీక్షించాడు. ఉక్కు మీద పడే భారం ఒక హద్దు లోపల ఉన్నంతకాలం ఎన్నిసార్లు ఊపినా అది విరగదని ఆ దారిలోనే తేలింది. అల్యూమినియానికి అలాంటి స్పష్టమైన హద్దు లేదు. చిన్న ఊపు కూడా ఖాతాలో పడుతూనే ఉంటుంది. అందుకే దానితో చేసే ఫ్రేములకు గొట్టాలు లావుగా పెట్టి, ఊపే లేకుండా బిగదీస్తారు. ఆ బిగువు గంట రైడులో హుషారుగా ఉంటుంది. పద్నాలుగో గంటలో మణికట్లకు అర్థమవుతుంది.

అలసట లెక్కలో అన్నిటికంటే ఎక్కువ శ్రమ పడేది మాత్రం ఫ్రేము కాదు, చక్రం. స్పోకుల్ని మా దగ్గర పుల్లలంటారు. చక్రం నేలనానిన చోట పుల్ల బిగువు కొంత సడలుతుంది, పైకి వెళ్లగానే మళ్లీ బిగుస్తుంది. చక్రం చుట్టుకొలత సుమారు 2.1 మీటర్లు. అంటే 200 కిలోమీటర్ల బ్రెవేలో ఒక్కో పుల్ల దాదాపు 95,000 సార్లు సడలి బిగుస్తుంది. 600లో 2,85,000 సార్లు. నేనీ లెక్క ముందు వేసుకుని ఉంటే దిగ్వాల్ దగ్గర ఆ మధ్యాహ్నం రోడ్డు పక్కన కూర్చోవాల్సిన పని ఉండేది కాదు.

అప్పుడు నాది పందేల తరహా సైకిల్. వెనక చక్రానికి 20 పుల్లలే. కొసన వంపు లేకుండా హబ్బులోకి తిన్నగా దూరే రకం, చూడ్డానికి కత్తుల్లా ఉండేవి. జహీరాబాద్ ఇంకా కొద్ది దూరం ఉందనగా ఒకటి 'టప్'మని తెగింది. 36 పుల్లల చక్రంలో ఒకటి పోతే మిగిలిన 35 సర్దుకుంటాయి. ఇరవైలో ఒకటి పోతే రిమ్ము పాములా మెలిదిరిగింది, టైరు ఫ్రేముకు రాసుకుంది. నెట్టుకుంటూ ఊరు చేరితే అక్కడి మెకానిక్ డబ్బాలన్నీ బోర్లించాడు. మామూలు పుల్లలు ఎన్నో సైజుల్లో ఉన్నాయి, ఆ తరహాది ఒక్కటీ లేదు. చేతిలో విద్య ఉండి కూడా ఏమీ చేయలేకపోయినందుకు ఆయన బాధపడ్డాడు. నేను బస్సెక్కాను. తయారీదారు దగ్గర్నుంచి ఆ పుల్ల తెప్పించుకోవడానికి నెలన్నర పట్టింది.

ఆ తర్వాతే సంగారెడ్డి పాత బస్టాండు వైపు, అందరూ చాచా అని పిలిచే మెకానిక్ దుకాణం మెట్లెక్కాను. ఆరడుగుల వెడల్పు గది, బయట ఇనప స్టాండు, గోడకు రిమ్ములు. ఆయన చేసేవి ఎక్కువగా పాలవాళ్ల సైకిళ్లకూ కంపెనీ కాపలాదారుల సైకిళ్లకూ చక్రాలు. నేను మామూలు వంపు పుల్లలు, 36 రంధ్రాల హబ్బు, అంతే రంధ్రాల రిమ్ము తెచ్చి ముందు పెట్టి పొద్దంతా పక్కన కూర్చున్నాను. చక్రం కట్టడమనే పనిని నేను అంత దగ్గరగా చూడటం అదే మొదలు.

ముందుగా పుల్లలన్నిటినీ గుప్పిట్లో పట్టుకుని కొసలు బల్ల మీద తాటించి, ఎత్తు సమంగా ఉందో లేదో చూశాడు. కొసల్ని నూనె గిన్నెలో ముంచి తీసి గుడ్డ మీద పరిచాడు. మర తేలిగ్గా తిరగాలి, తర్వాత తుప్పు పట్టకూడదు. హబ్బును ఒళ్లో పెట్టుకుని తొమ్మిది పుల్లలు గుచ్చాడు, రిమ్ములో నాలుగేసి రంధ్రాలకొకటి చొప్పున కూర్చాడు. మళ్లీ తొమ్మిది, రెండో వైపు. అప్పుడు హబ్బును అరచేత్తో పట్టుకుని ఒక్క మెలి తిప్పాడు. నిటారుగా ఉన్న పుల్లలన్నీ ఒక్కసారిగా వాలిపోయాయి. మిగిలిన పద్దెనిమిది ఎదురు దిక్కుకు వాలుస్తూ అల్లాడు. ప్రతి పుల్లా మూడింటిని దాటుతుంది. రెండింటి మీదుగా వెళ్లి మూడోదాని కిందికి దూరుతుంది. బుట్ట అల్లేవాళ్ల చేతుల్లో వెదురు బద్ద నడిచినట్టే. ఆ ఒక్క కిందికి దూరడంతో పుల్లలు ఒకదాన్నొకటి ఒరుసుకుని ఆసరాగా నిలుస్తాయి. ఒకటి సడలే వేళకు రెండోది దాన్ని వదులైపోనివ్వదు.

బిగింపు మొదలైంది. ముందు అన్నిటికీ సమానంగా, మర కొస కనిపించకుండా పోయేదాకా. తర్వాత అన్నిటికీ ఒక్కో చుట్టు. ఆ తర్వాత అర చుట్టు. పావు చుట్టుకు దిగేసరికి మాటలు ఆగిపోయాయి. స్టాండులో చక్రం తిప్పి, చాక్‌పీసును రిమ్ము పక్కన కదలకుండా పట్టుకుంటాడు. ఒరిగిన చోట తెల్లగా గీత పడుతుంది. ఆ గీత నడుమ ఉన్న పుల్లను కొంచెం సడలించి, ఎదురు పక్క పుల్లను అంతే బిగిస్తాడు. ఎప్పుడూ జంటగానే. ఒకదానికే కీ పెట్టడం నేను చూడలేదు. పక్కల వంకర తీశాక ఎత్తుపల్లాలు, ఎత్తుపల్లాలు తీశాక మళ్లీ పక్కల వంకర. ప్రతి విడతలోనూ తెల్లగీత పొట్టిదవుతూ వచ్చింది.

తర్వాత ఆయన చేసిన పని చూసి నేను భయపడ్డాను. పక్కపక్క పుల్లల్ని నాలుగేసి చొప్పున రెండు చేతుల్లోకి తీసుకుని గట్టిగా పిండాడు. చక్రమంతా కిర్రుకిర్రుమంది, ఒకట్రెండు చోట్ల టిక్కుమంది. విరిగిపోతాయేమో అన్నాను.

"ఇప్పుడే అరవనీ. నీ కింద ఉన్నప్పుడు అరవొద్దు కదా," అన్నాడు.

అమెరికన్ ఇంజనీరు జాబ్‌స్ట్ బ్రాండ్ట్ 1981లో సైకిల్ చక్రం మీదే ఒక పుస్తకం రాశాడు. ఇలా పిండటం ఎందుకు అవసరమో అందులో వివరించాడు. పుల్ల వంపు దగ్గర, తయారీలో వంచినప్పటి బిగువు లోహంలోనే దాక్కుని ఉంటుంది. అలాగే వదిలేస్తే అలసట ముందు మొదలయ్యేది అక్కడే. ఒక్కసారి హద్దు దాటేలా పిండితే ఆ దాగిన బిగువు సర్దుకుంటుంది, వంపు హబ్బు అంచున ఒదిగి కూర్చుంటుంది. చాచా ఆ పుస్తకం చూసి ఉండడు. వాళ్ల ఉస్తాద్ చేసేవాడట, ఈయన చేస్తున్నాడు. పిండాక చక్రం మళ్లీ కొంచెం వంకర పోతుంది, మళ్లీ సరిచేయాలి, మళ్లీ పిండాలి. మూడో విడతకు చక్రం కదల్లేదు. అప్పుడు బొటనవేలితో పుల్లల్ని ఒక్కొక్కటే మీటుకుంటూ వెళ్లాడు. పళ్లచక్రాల వైపు పుల్లలు నిటారుగా ఉంటాయి కాబట్టి ఎక్కువ బిగువు, సన్నని గొంతు. ఎదురు వైపువి కొంత సడలు, బొంగురు గొంతు. ఏ వైపుకా వైపు గొంతులన్నీ కలవాలి. "ఆవాజ్ విను. ఇదొక్కటి ఏడుస్తుంది చూడు," అంటూ ఒకదాని దగ్గర ఆగి, కీని వెంట్రుకవాసి తిప్పి, మళ్లీ మీటాడు. నా చెవికి అప్పటికీ తేడా తెలియలేదు. ఇప్పుడు తెలుస్తుంది.

ఆ చక్రం మీద నాలుగు సీజన్లు తిరిగాను. పుల్ల ఒక్కటి తెగలేదు. అందుకే నా లెక్కలో దూరపు సైకిల్ కొనేవాళ్లు ముందు చక్రానికి డబ్బు తీసి పక్కన పెట్టాలి. 32 లేదా 36 పుల్లలు, వంపు రకం, ఇత్తడి నిప్పల్స్ (పుల్లను రిమ్ముకు బిగించే మరలు), చేత్తో కట్టించుకున్నవి. మిగిలినదాంట్లో ఫ్రేము చూసుకోవచ్చు.

టైర్ల దగ్గర ఎక్కువసేపు ఆగను. సన్నని టైరు రాతిలా గాలి కొట్టుకుంటే వేగంగా పోతుందన్న నమ్మకం గరుకు రోడ్ల మీద నిలవదు. గతుకు గతుకుకూ ఎగిరిపడే శక్తి మన కాళ్లదే. నేను 32 మిల్లీమీటర్లవి వాడతాను, గాలి 60 పీఎస్ఐ దాటనివ్వను. హైవే అంచున లారీ టైర్లు పగిలి రాలిన సన్నని ఇనప తీగముక్కలు వెంట్రుకల్లా పడి ఉంటాయి. మేం ముంబయి హైవే అనే ఆ 65 మీద నా పంక్చర్లలో ఎక్కువ వాటి పుణ్యమే. సంగారెడ్డి నుంచి జోగిపేట మీదుగా నాందేడ్ వైపు పోయే 161 నంబరు రహదారి మీదైతే సర్కారు తుమ్మ ముళ్లు. చిన్న పట్టకారు ఒకటి వెంట ఉంచుకోండి, ట్యూబు మార్చేముందు టైరు లోపల తడిమి ఆ తీగముక్క పీకేయకపోతే పది నిమిషాల్లో రెండో పంక్చరు ఖాయం. 1891లో మొదటి పారిస్-బ్రెస్ట్-పారిస్ గెలిచిన షార్ల్ టెరాన్ గెలుపు వెనక కూడా పంక్చరు కథే ఉంది. రిమ్ము నుంచి ఊడదీయగలిగే మిషెలిన్ టైర్లు అప్పుడే కొత్తగా వచ్చాయి, ఆయన వాటి మీద 71 గంటల పైచిలుకులో వచ్చి రెండోవాడి కంటే గంటలకు గంటలు ముందున్నాడు. విప్పి బాగుచేసుకోగలగడమే అక్కడ వేగమైంది.

గేర్ల సంగతి మా రోడ్డే చెబుతుంది. పటాన్‌చెరు నుంచి జహీరాబాద్ వైపు నేల మెల్లగా ఎత్తెక్కుతూ పోతుంది, కంటికి కనిపించదు, కాళ్లకు తెలుస్తుంది. వానాకాలంలో పడమటి గాలి ఎదురు. ఆషాఢంలో ఎవరైనా సదాశివపేట దాటి తొక్కితే ఆ గాలికి గేరు ఎందుకో నేను చెప్పనక్కర్లేదు. మన పాత నల్ల సైకిల్‌కు ముందు 44 పళ్లు, వెనక 18. పెడలు ఒక్క చుట్టు తిరిగితే 5.4 మీటర్లు, అంతే, మరో మాట లేదు. నా సైకిల్‌కు ముందు చిన్న చక్రం 30 పళ్లు, వెనక పెద్దది 34. ఒక్క చుట్టుకు 1.85 మీటర్లు. 250వ కిలోమీటరు దగ్గర, గాలి ఎదురైన మిట్ట మీద, సైకిల్ దిగి నడవాల్సిన అవసరం రాకుండా కాపాడేది ఆ 1.85. టూర్ ద ఫ్రాన్స్ పందెంలోనైతే చైనును పళ్లచక్రాల మీద జరిపే డెరైలర్ గేర్లను 1937 దాకా రానివ్వలేదు. అంతకు ఎంతో ముందే దూరపు యాత్రికులు వాటిని వాడి మెరుగుపరిచారు. ఫ్రాన్సులోనే 1934 నుంచి 1949 దాకా యంత్రాల పోటీలని జరిగేవి. తొక్కేవాళ్లకు కాదు, సైకిళ్లకు మార్కులు. కొండదారుల్లో వందల కిలోమీటర్లు నడిపి, మడ్గార్డు వదులైతే ఒక మార్కు, దీపం ఆరిపోతే ఇంకోటి కోసేవారు. రెనే ఎర్స్, అలెక్స్ సింగర్ లాంటి పనివాళ్లు అక్కడే పేరు తెచ్చుకున్నారు. మా వైపు అలాంటి పోటీ ఒకటి జరిగితే చూడాలని నాకు చాలా కోరిక. పాశమైలారం షెడ్లలో పాల్గొనగలవాళ్లు ఉన్నారు.

పాత నల్ల సైకిల్‌ను పక్కకు నెట్టేసే ముందు ఒక్కసారి దాని పక్కన కూర్చుని చూడాలి. హ్యాండిల్ గొట్టం బాగా వెనక్కి వాలి ఉంటుంది, రెండు చక్రాల మధ్య దూరం ఎక్కువ. అందుకే గతుకుల్లో అది బెదరదు, బియ్యం బస్తా వేసినా తిన్నగా పోతుంది. తోలు సీటు కింద స్ప్రింగులు, నిండా కప్పే మడ్గార్డులు, బురదలోంచి చైనును కాచే కవరు. మద్రాసు అంబత్తూరులో టీఐ వాళ్లు 1949 నుంచి, సోనీపత్‌లో అట్లాస్ 1951 నుంచి, లుధియానాలో హీరో 1956 నుంచి చేసిన ఆ సైకిల్ ఊరి మెకానిక్ ఒకే స్పానరుతో విప్పగలిగేలా పుట్టింది. బరువు ఒక్కటే దాని లోపం. దూరపు రైడుకు ఇప్పుడు ప్రపంచంలో చేస్తున్న మంచి ఉక్కు సైకిళ్లు ఈ గుణాలనే సగం బరువుకు దింపాయి: నిలకడైన వాలు, మడ్గార్డుకు చోటు, క్యారియరుకు మర రంధ్రాలు. కొనేటప్పుడు ఆ మర రంధ్రాల్ని లెక్కపెట్టండి. ఫ్రేము చేసినవాడు మీరు వానలో, సామానుతో, రాత్రిపూట వెళతారని అనుకున్నాడో లేదో అవే చెబుతాయి.

దీపం విషయంలోనూ అంతే. చిన్నప్పుడు మా నాన్న సైకిల్‌కు టైరును ఒరుసుకుంటూ గుయ్యిమనే డైనమో ఉండేది, దాని మీద 6 వోల్టులు, 3 వాట్లు అని రాసి ఉండేది. ఇప్పుడు ముందు చక్రం హబ్బు లోపలే ఇమిడిపోయిన డైనమోలు వచ్చాయి. వాటి మీదా అవే అంకెలు: 6, 3. మారింది బల్బు. అప్పట్లో పసుపు చుక్కలా వణికిన ఆ 3 వాట్లే ఇప్పుడు ఎల్‌ఈడీలో రోడ్డంతా పరుచుకుంటున్నాయి. 600 కిలోమీటర్ల రైడులో కనీసం ఒక రాత్రి ఉంటుంది. బ్యాటరీ ఎంత మిగిలిందన్న బెంగ లేని రాత్రికి ఆ హబ్బు ధర ఎక్కువేమీ కాదు.

సీటు గురించి సలహా ఇవ్వను. అది ఎవరి ఎముకలను బట్టి వాళ్లకు. హ్యాండిల్ మాత్రం సీటుతో సమానంగా, లేదా ఒక వేలెడు పైకి ఉండేలా చూసుకోండి, కొత్తలో ముసలితనంగా కనిపించినా సరే.

ఒక్క ఆశ మాత్రం దాచుకోలేను. ఉక్కు కంటే తేలిక, తుప్పు పట్టనిది, అలసటకు ఓర్చేది టైటానియం. సైకిల్ ఫ్రేముల్లో ఎక్కువగా వాడేది 3 శాతం అల్యూమినియం, 2.5 శాతం వనాడియం కలిసిన రకం. అసలు అది విమానాల హైడ్రాలిక్ గొట్టాల కోసం పుట్టింది. 1973లో హైదరాబాద్‌లో పెట్టిన ప్రభుత్వ లోహాల కంపెనీ మిధాని కంచన్‌బాగ్‌లో టైటానియం మిశ్రమాలు కరిగిస్తోంది. ఇదే నగరంలో అణు ఇంధనం చేసే 1971 నాటి న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సుకు అతుకులేని గొట్టాలు లాగడంలో అర్ధ శతాబ్దపు చేయి ఉంది. లోహమూ ఉంది, గొట్టం లాగేవాళ్లూ ఉన్నారు, అతికేవాళ్లు రామచంద్రాపురంలో ఉన్నారు, చక్రం కట్టేవాళ్లు సంగారెడ్డిలో ఉన్నారు. అంతా కలిపితే ఔటర్ రింగ్ రోడ్డు చుట్టుకొలత 158 కిలోమీటర్లలో ఇమిడిపోయే దూరాలు. ఇన్ని చేతులూ ఒక్క ఫ్రేము మీద కలిసిన రోజు దాన్ని తొక్కే మొదటి వరసలో నేనుండాలి.

పోయిన వానాకాలం 300 కిలోమీటర్ల రైడులో హుమ్నాబాద్ వైపు వెళ్లి తిరిగి వస్తున్నాను. ఎదురైన గాలి ఇప్పుడు వీపున తోస్తోంది. కంకోల్ టోల్‌గేటు దాటేసరికి రాత్రి పదకొండు దాటింది. వాన వెలిసి రోడ్డు నల్లగా మెరుస్తోంది, చెరకు ట్రాక్టరు ఒకటి ఎర్రదీపం లేకుండా ముందు పోతుంటే డైనమో వెలుగులో గడల కొసలు ముందే కనిపించాయి. దాన్ని దాటి సదాశివపేట టీ కొట్టు దగ్గర ఆగాను. చాయ్ వచ్చేలోపు అలవాటుగా వెనక చక్రం పైకెత్తి తిప్పి, పుల్లల మీద వేలు ఆనించాను. వేలు ఆనిన వైపు పద్దెనిమిది పుల్లలూ ఒకే గొంతుతో పలుకుతూ వెళ్లాయి. కొట్టతను గ్లాసు చేతికిస్తూ, "అన్నా, ఏం మోగుతుంది అట్ల?" అని అడిగి, తన వేలు కూడా పెట్టి చూశాడు.